బొమ్మ వద్దు, కటింగ్ చూపించు

బొమ్మ చూడకుండానే బొమ్మలేసేవాడి స్థాయి తేల్చేసే విద్య ఒకటి ఈ శతాబ్దంలో పుట్టింది. దీనికి కంటి చూపు అక్కర్లేదు. నీటిరంగుకీ తైలవర్ణానికీ తేడా తెలియక్కర్లేదు. గ్యాలరీ గడప తొక్కక్కర్లేదు. ఆఖరికి సొంత పేరు బయటపెట్టాల్సిన పని కూడా లేదు. ఒక మారుపేరు తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చుని, ‘ఈయన గురించి ఏ పత్రిక రాసింది, ఎన్ని పేరాలు రాసింది’ అని అడగడం వస్తే చాలు. తన పేరు చెప్పుకోనివాడు ఇంకొకడి పేరు చెప్పుకోదగ్గదో కాదో తీర్పు చెప్పేయొచ్చు. వికీపీడియాలో ఈ విద్యను విషయ ప్రాముఖ్యత అంటారు.

దీని ప్రతాపం చూడాలంటే ఏదైనా ఆర్ట్ స్కూలు మీది వ్యాసం తెరవండి. అడుగున ‘పూర్వ విద్యార్థులు’ అని ఒక విభాగం కనబడుతుంది. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు దొర 1850లో పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. బొంబాయి జె.జె. స్కూలు 1857 నాటిది. ఇన్నేళ్లలో ఆ మెట్లు ఎక్కి దిగినవాళ్లు ఎన్ని వేలమందో! జాబితాకి ఎక్కేది గుప్పెడుమంది. ఆ గుప్పెట్లో చోటు దొరకాలంటే నీ మీద అప్పటికే ఒక వ్యాసం ఉండాలి, లేదా వ్యాసం పెడితే నిలబడుతుందని చూపించే ఆధారాలు ఉండాలి. రెండూ లేకపోతే నీ పేరు పక్కన ‘ఆధారం చూపాలి’ అని చిన్న తోక మొలుస్తుంది. కొన్నాళ్లకి తోకతో సహా పేరు ఎగిరిపోతుంది.

మరి వ్యాసం నిలబడాలంటే ఏం కావాలి? ఇంగ్లీషు వికీపీడియా వాళ్లు చిత్రకారుల్లాంటి సృజనకారుల కోసం ప్రత్యేకంగా కొలతలు రాసి పెట్టారు. తోటి కళాకారులు, తర్వాతి తరాలవాళ్లు పదేపదే ఉదహరించే మనిషై ఉండాలి. లేదా ఒక కొత్త పద్ధతికి ఆద్యుడై ఉండాలి. లేదా అతని కృతి మీద పుస్తకమో, సినిమానో, బోలెడన్ని సమీక్షలో వచ్చి ఉండాలి. లేదా అతని బొమ్మలు విమర్శకుల దృష్టిలో బాగా పడి ఉండాలి, లేదా పేరున్న మ్యూజియంలు కొన్నింటి శాశ్వత సేకరణలో ఉండాలి. ఇవేవీ లేవని ఎవరికైనా అనిపిస్తే తొలగింపు ప్రతిపాదన పెడతారు. వారం రోజులు చర్చ నడుస్తుంది. నలభై ఏళ్లు కుంచె పట్టిన మనిషి సంగతి ఆ వారంలో తేలిపోతుంది. 

తెలుగు వికీపీడియా తన చర్చల చావడికి రచ్చబండ అని పేరు పెట్టుకుంది. ఊళ్లో అసలు రచ్చబండ దగ్గర నిందపడ్డవాణ్ణి కనీసం ఎదుట నిలబెట్టి నీ మాటేమిటని అడిగేవారు. ఈ కొత్త తీర్పుల్లో ఆ మర్యాద కూడా లేదు. చిత్రకారుడే వచ్చి ‘అయ్యా, నేను ఉన్నాను, ఇవి నా బొమ్మలు’ అన్నాడో, స్వప్రయోజనం కింద కేసు ఇంకా బిగుస్తుంది. ఏటా నవంబరులో బ్యాంకు కౌంటరు ముందు నిలబడి ‘బతికే ఉన్నాను’ అని ధ్రువపత్రం ఇచ్చుకునే పింఛనుదారు పరిస్థితే ఇతనిదీను. మనిషి ఎదురుగా ఊపిరి తీస్తుంటాడు. కాగితం లేకపోతే లేనట్టే.

ఇది బొమ్మలవాళ్లకే పట్టిన శని అనుకోకండి. డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద పంపిన చిత్తుప్రతిని, చూపించిన ఆధారాలు చాలవంటూ 2018లో తిప్పి పంపారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. గంటల్లో వ్యాసం వెలిసింది. ఆమె లేజర్ పని అంతకు ముప్పై ఏళ్ల ముందే అయిపోయింది. ఆ ముప్పై ఏళ్లలో మారనిదేదో స్టాక్‌హోం నుంచి ఒక్క ప్రకటన వెలువడగానే మారిపోయింది. నోబెల్ వస్తేగాని కనబడని మనుషుల్ని చూపెట్టడానికి విజ్ఞాన సర్వస్వం దేనికి? పేపరు చాలదూ?

ఇక గుప్పెట్లో చేరిన అదృష్టవంతులెవరో చూద్దాం. జె.జె. పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేవాళ్లలో నానా పటేకర్ ఉంటాడు, ఉద్ధవ్ ఠాక్రే ఉంటాడు, రాజ్ ఠాక్రే ఉంటాడు. ఒకరిది వెండితెర, ఇద్దరిది రాజకీయం. ముగ్గురూ చదివింది అదే ఆవరణలో అప్పట్లో వేరేగా నడిచిన అప్లైడ్ ఆర్ట్ సంస్థలో. అంత సూక్ష్మం ఎవరికి కావాలి! పటేకర్ గారి నటనకు పేరు పెట్టేవాడు లేడు. ఉద్ధవ్ గారు కోటల ఫొటోలు బాగా తీస్తారనీ అంటారు. కాని ఒక ఆర్ట్ స్కూలు ‘మేం తయారుచేసినవాళ్లు’ అని చూపించుకునే పేర్లలో అందరికంటే ముందు వెలిగేవి ఎన్నికల వల్లా, సినిమా వల్లా వెలిగినవైతే, అక్కడే పదేళ్లు రాళ్లు చెక్కినవాడు ఏమనుకోవాలి? తప్పు ఉలిది అనుకోవాలి. చేతిలో మైకు ఉండాల్సింది.

ఫ్రాన్సిస్ న్యూటన్ సూజా కథ మరీ ముచ్చట. క్విట్ ఇండియా రోజుల్లో ఉద్యమంలో తిరిగాడని జె.జె. నుంచి ఆయన్ని వెళ్లగొట్టారు. 1947లో ఆయనే ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టి దేశంలో చిత్రకళ నడక మార్చేశాడు. ఇప్పుడు ఆయన ఆ స్కూలుకు గర్వకారణం. పట్టా ఇచ్చి పంపిన వందలమంది జాబితాలో లేరు, మెడబట్టి గెంటినవాడు ఉన్నాడు. ఇందులో పిల్లలకు ఒక నీతి ఉంది, ప్రిన్సిపాళ్లు వినకుండా చెప్పుకోవాలి.

లోపలికి రాలేనివాళ్ల సంగతి చూస్తే నవ్వు ఆగిపోతుంది. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు బొమ్మ అంటే ఇద్దరి బొమ్మే: బాపు, వపా అనే వడ్డాది పాపయ్య. బాపు చదివింది లా. వపా నేర్చుకున్నది ఇంట్లో తండ్రి దగ్గర. ఏ ఆర్ట్ స్కూలు పూర్వ విద్యార్థుల జాబితా వెతికినా వాళ్లు దొరకరు. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి వేలాడదీసిన శంకర్ మాత్రం మద్రాసు ఆర్ట్ స్కూల్లో పద్ధతిగా చదువుకున్నారు. 1950లలో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి చందమామకే బొమ్మలేశారు. దేశంలో ఎన్ని భాషల పిల్లలు ఆ బొమ్మ చూసి దుప్పటి ముసుగు పెట్టారో లెక్కలేదు. ఆ జ్ఞాపకం శాశ్వత సేకరణ కిందకి రాదు, మ్యూజియం కాదు కాబట్టి. 2020లో ఆయన పోయాక, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ప్రభుత్వ గెజెట్ ఎంత మంచి మూలం! కాస్త ముందే వచ్చి ఉంటే మనిషి కూడా చూసుకునేవాడు.

మ్యూజియం అన్నాం కదా, అక్కడికీ వెళ్దాం. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కోరమాండల్ తీరం కలంకారీ గుడ్డలు భద్రంగా ఉన్నాయి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల పనితనం. పేరున్న మ్యూజియం, శాశ్వత సేకరణ, ప్రదర్శనలు, పుస్తకాలు: నియమాల్లో రాసిన ప్రతి షరతూ ఆ గుడ్డ తీర్చింది. తీర్చనిదల్లా ఒక్కటే, వేసినవాడి పేరు దాని మీద లేదు. గుడ్డకు ప్రాముఖ్యత ఉంది, చేతికి లేదు. శ్రీకాళహస్తిలో ఆ చేతిపని ఇంకా సాగుతోంది. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది గనుక ఆయన పేరు కాగితం మీదికెక్కింది. ఆయన పక్కన కూర్చుని కరక్కాయ నీళ్లలో గుడ్డ ముంచినవాళ్లూ, కలం పట్టి గీత లాగినవాళ్లూ ఏ కాలేజీకి పూర్వ విద్యార్థులు? వాళ్లకి బడీ లేదు, బ్యాచ్ నంబరూ లేదు, కాబట్టి చర్చే లేదు.

అన్నిటికంటే పెద్ద వర్గం డ్రాయింగ్ మాస్టార్లది. ఆర్ట్ స్కూలు దాటినవాళ్లలో ఎక్కువమందికి దొరికిన ముద్ద అదే. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసి, జిల్లా పరిషత్ హైస్కూల్లో సుద్దముక్కతో నెమలిని వేస్తే క్లాసు క్లాసంతా నోరు తెరిచేది. గంట కొట్టగానే లెక్కల మాస్టారు వచ్చి డస్టరు పెట్టి తుడిచేసేవాడు. అందులో శాశ్వత సేకరణ ఎక్కడిది?

ఇన్ని చెప్పాక నియమాలు రాసినవాళ్ల మీద రాళ్లేయాలని చేతులు దురద పెడతాయి. వేసేముందు వాళ్లెందుకంత గట్టిగా తలుపేసుకున్నారో చూడాలి. తలుపు అవతల ఉన్నది మనమే. ప్రపంచ ప్రఖ్యాత, చిత్రకళా సార్వభౌమ, కుంచె చక్రవర్తి బిరుదులు తగిలించుకుని, పుట్టిన నక్షత్రం దగ్గర్నుంచి మనవడి అన్నప్రాసన దాకా అందులో పెట్టేద్దామని తోసుకొస్తున్నది మనవాళ్లే. బావమరిది ఒక వాడుకరి పేరు తెరుస్తాడు, శిష్యుడు ఇంకోటి తెరుస్తాడు. డబ్బు కడితే చేతికొచ్చే ప్రపంచ రికార్డు, ఎక్కడుందో ఎవరికీ తెలియని విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డాక్టరేట్, అద్దె హాల్లో కప్పిన శాలువా, అన్నిటికీ ఫొటోలుంటాయి. ఈ సరుకంతా లోపలికి వదిలితే విజ్ఞాన సర్వస్వం నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ అయిపోతుంది. కాబట్టి కాపలావాడు ‘బయటివాళ్లెవరైనా నీ గురించి రాశారా’ అని అడగడంలో తప్పు లేదు. అది అడగాల్సిన ప్రశ్నే.

అసలు గుట్టు ఆ ప్రశ్నకి మన జవాబులో ఉంది. బయటివాళ్లు ఎవరూ రాయలేదు.

తెలుగులో చిత్రకళా ప్రదర్శన వార్త ఎలా ఉంటుందో తెలియనిదెవరికి? మంత్రిగారు జ్యోతి వెలిగిస్తారు. ఎమ్మెల్యే గారు రిబ్బను కత్తిరిస్తారు. కళలను ప్రోత్సహించాల్సిన బాధ్యత అందరిపైనా ఉందని ఒకరు, మన సంస్కృతిని కాపాడుకోవాలని ఇంకొకరు అంటారు. వేదిక మీదున్న పదకొండుమంది పేర్లు హోదాలతో సహా పడతాయి. చివరి వాక్యంలో చిత్రకారుణ్ణి సత్కరిస్తారు, ఇంటిపేరు తప్పు. మరి బొమ్మలు? అవి ‘చూపరులను కట్టిపడేశాయి’. తెలుగునేల మీద ఇంతవరకూ చూపరుల్ని కట్టిపడేయని బొమ్మ ఒక్కటీ వేలాడలేదు. పేపర్లే సాక్ష్యం. అందులో ఏముంది, ఏ రంగు వాడాడు, కాన్వాసా కాగితమా, పోయినసారి కంటే మెరుగా దిగజారాడా, ఈ గీత ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఇవేవీ వార్త కావు. ఆ కటింగ్ తీసుకెళ్లి చిత్రకారుడి ప్రాముఖ్యతకు ఆధారంగా చూపిస్తే కాపలావాడు నవ్వుతాడు. నవ్వడం న్యాయమే. ఆ వార్త ఎమ్మెల్యే గారి మీద వ్యాసానికి బాగా పనికొస్తుంది.

సినిమాకి మనకి సమీక్షకులు వీధికొకరు. మొదటి ఆట ఇంటర్వెల్‌కే మార్కులు వేసేస్తారు. కథల మీద, కవిత్వం మీద తగువులాడుకోవడానికీ మనుషులున్నారు. బొమ్మ మీద నెలకొక పేజీ నిలకడగా రాసే తెలుగు దినపత్రిక ఏదో చెప్పమంటే తల గోక్కోవాల్సిందే. తెలుగులో కళావిమర్శకు వర్ధిల్లిన ప్రక్రియ ఒకే ఒక్కటి, సంతాప వ్యాసం. మనిషి పోయాక రెండు రోజులకి అతని రేఖల్లో ఉన్న లాలిత్యం అకస్మాత్తుగా అందరికీ కనబడుతుంది. అందువల్ల ఈ జాబితాలోకి ఎక్కాలనుకునే తెలుగు చిత్రకారుడికి మిగిలిన నమ్మకమైన మార్గం కాలం చేయడం. అదీ పెద్ద నాయకుడెవరూ అదే రోజు పోకుండా చూసుకోవాలి. పోతే మనవాడికి జిల్లా పేజీయే గతి.

బతికుండగా పేరు తెచ్చుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. నిజాంపూర్ లక్ష్మాగౌడ్, బూరుగుపల్లి తోట వైకుంఠం. ఇద్దరూ హైదరాబాద్ ఫైనార్ట్స్ కాలేజీలో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర పదునెక్కినవాళ్లే. తెలంగాణ పల్లెను కాన్వాసు మీదికి తెచ్చినవాళ్లు. వాళ్ల మీద పేజీలకు పేజీలు రాసినవాళ్లు ఎక్కువగా ఢిల్లీ, బొంబాయి విమర్శకులు, అదీ ఇంగ్లీషులో. వైకుంఠం గారి బొట్టు పెట్టుకున్న ఆడమనిషి ఎవరో మనకి బాగా తెలుసు, ఆమె మన పక్కింటావిడే. ఆవిడ గొప్పదని వాళ్లు చెబితే నమ్మాం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఊరవతల వైద్యుడు దాన్నే సీసాలో పోసి అమ్మితే మాత్రం క్యూ కడతాం. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఢిల్లీలో 1954 నుంచి ఉంది, ముంబైలో ఉంది, బెంగళూరులో ఉంది. తెలుగువాళ్లకి రెండు రాష్ట్రాలున్నాయి, అది మాత్రం ఒక్కటీ లేదు. శాశ్వత సేకరణలో పడాలనుకునే బొమ్మ ముందు రైలెక్కాలి.

ఆ హైదరాబాద్ కాలేజీ పరిస్థితి కూడా వినండి. 1940లో మొదలైంది. 1972లో జె.ఎన్.టి.యు. కిందకి వెళ్లింది. 2008లో ఆర్కిటెక్చర్ అండ్ ఫైనార్ట్స్ యూనివర్సిటీ అయ్యింది. లక్ష్మాగౌడ్, వైకుంఠం చదివింది 1972కి ముందు. ఇప్పుడు ఆ పేర్లను ఏ వ్యాసం కింద పెట్టాలి? 2008లో పుట్టిన విశ్వవిద్యాలయానికి అంతకు నాలుగు దశాబ్దాల కిందట చదువు ముగించుకున్నవాడు పూర్వ విద్యార్థి అవుతాడా? ఇలాంటి ధర్మసందేహం మీద ముగ్గురు మారుపేర్లవాళ్లు పేజీలు పేజీలు వాదించుకోగలరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ప్రతివాడూ మూలాలతో సహా నిరూపిస్తాడు. ఆ పేజీల్లో పదోవంతు ఒక్క బొమ్మ గురించి రాసి ఉంటే నాలుగు కొత్త పేర్లకి దారి దొరికేది. పాత విద్యార్థుల ప్రదర్శనల క్యాటలాగులు, ఎవరు ఏ ఏడు ఏం వేశారన్న వివరం ఒకచోట పెట్టి ప్రచురించాల్సింది ఆ కాలేజీలే. అంతదాకా ఎందుకు, గోడ మీద బోర్డు మార్చినప్పుడల్లా బీరువాలో కాగితాలు ఎక్కడికి పోతున్నాయో ఎవరైనా అడిగారా?

మూలాలేవీ అడగని కాలం ఒకటి ఉండేది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే ఒక కుర్రాడు వేసిన బొమ్మలు చూశాడు. చూసి, వీడు బొంబాయి వెళ్లాలి అనుకుని జె.జె. స్కూలుకి పంపాడు. ఆ కుర్రాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయేలోపు ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసిపోయాడు. కూల్డ్రే దొర ఆ రోజు ‘నీ గురించి స్వతంత్ర ప్రచురణలు ఏమైనా వచ్చాయా బాబూ’ అని అడిగి ఉంటే, మనకి రామారావూ లేడు, ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరుతో గ్యాలరీ లేదు. దామెర్ల జె.జె. జాబితాలో చేరతాడు, బాగానే ఉంది. ఆయన దగ్గరే నేర్చుకుని బొమ్మలేసిన భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ ఏ జాబితాలో చేరతారు? వాళ్ల ఆర్ట్ స్కూలు ఆ ఇల్లే. దానికి అఫిలియేషన్ లేదు.

కూల్డ్రే చేసింది పెద్ద విశేషమేమీ కాదు. చూశాడు, చూసినదాన్ని నమ్మాడు, నమ్మినదాని కోసం కదిలాడు. మనం చూస్తాం, ఫోనులో ఫొటో తీస్తాం, ‘సూపర్ సార్’ అంటాం, సమోసా తిని బయటికొస్తాం. ఇంటికొచ్చాక ఫలానావారి పేరు వికీపీడియాలో లేదని తెలుగుజాతి ఆత్మగౌరవం మీద పెద్ద ప్రకటన పెడతాం. దాని కింద మూడొందల మంది కన్నీళ్లు పెడతారు. ఆ మూడొందల మందిలో ఒక్కడైనా ఆయన బొమ్మ ఒక్కటి తీసుకుని, పేరేమిటి, ఏ ఏడు వేశాడు, దేని మీద వేశాడు, అందులో ఏం చేశాడు, ఎక్కడ తప్పటడుగు వేశాడు అని మూడొందల మాటలు రాసి, సంపాదకుడున్న పత్రికకు పంపాడా? పంపితే వేసుకునే సంపాదకుడున్నాడా? వేస్తే, పెళ్లి ప్రకటనల పక్కన కాకుండా వేశాడా?

కాబట్టి తీర్పు రాసేవాడి మారుపేరు వెనక ఎవరున్నారని ఆరా తీయకండి. ఉన్నది మనమే. రాయని విమర్శకుడు, వేయని సంపాదకుడు, బీరువా తాళం పోగొట్టుకున్న కాలేజీ, శాలువా కప్పి వెళ్లిపోయిన మంత్రి, అందరం కలిసి ముందే తీర్పు చెప్పేశాం. వికీపీడియా దాన్ని, వ్యాసం లేని పేరుకు వేసే ఎర్రలింకుగా అచ్చేసింది, అంతే. గుమస్తాని తిట్టి ఏం లాభం? ఏ ఆర్ట్ స్కూలు మాజీ విద్యార్థికైనా న్యాయం చేయాలనుంటే ముందు ప్రదర్శనకు వెళ్లండి, జ్యోతి వెలిగించే తంతు అయ్యాక వెళ్లండి, గోడ మీదున్నది ఏమిటో చూసి రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి. అదీ మూలమే. ‘కట్టిపడేసింది’ అని మాత్రం రాయకండి. ఆ ఒక్క ముక్కతో ఇప్పటికే చాలామందిని పూడ్చిపెట్టాం.